డబ్బాల మెడకు ముడులు

ఏమండీ,

డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నారని లేపలేదు. గుడ్డసంచి తలుపు గొళ్లేనికి తగిలించాను. కూరగాయలకు అది పట్టుకెళ్లండి, ప్లాస్టిక్ కవర్లు ఇక ఎవరూ ఇవ్వరు. మొన్నటిలా టమాటాలు హెల్మెట్‌లో పోసుకుని రాకండి. చెత్తబుట్ట అడుగున పాత పేపరు వేయండి.

ఇంకో మాట. నిన్న అత్తయ్య టీలో పంచదార బదులు ఉప్పు వేశారని మీరు పగలబడి నవ్వారు. "నీకిక వంటింట్లో పనేం లేదులే అమ్మా" అన్నారు. సరదాకే అన్నారు, తెలుసు. కానీ అప్పటినుంచి ఆవిడ వంటింటి గడప తొక్కలేదు.

చూపు ఆనకపోయినా ఇన్నాళ్లూ ఆవిడ ఎప్పుడూ పొరబడలేదు. పంచదార కవరుకు ఒక ముడి, ఉప్పు కవరుకు రెండు వేసుకుని, చేత్తో తడిమి తీసేవారు. కవర్లు నిషేధించారని నేనే అవన్నీ పారేసి, సరుకులు ఒకేలాంటి గాజు డబ్బాల్లో పోశాను. ఆ ముడులు విప్పింది నేనే, అయినా అవి ఆవిడ గుర్తులని నాకు తట్టలేదు.

పొద్దున్నే డబ్బాల మెడకు పురికొస కట్టాను. పంచదారకు ఒక ముడి, ఉప్పుకు రెండు. అత్తయ్యకు చెప్పలేదు. చెబితే జాలి పడ్డాననుకుని చిన్నబుచ్చుకుంటారు. లేచాక మీరు టీ పెట్టుకోకండి. "అమ్మా, కాస్త టీ పెట్టవూ" అని అడగండి చాలు. డబ్బా పట్టుకుంటే ఆవిడ చేతికే తెలుస్తుంది.

బస్సుకు వేళైంది, వెళ్తున్నా.

ఒకవేళ ఉప్పగా ఉన్నా నోరు మెదపకుండా తాగేయండి. నవ్వారని తెలిసిందో, సాయంత్రం మీ టీలో ఉప్పు నేనే వేస్తాను.