అంటు కింద కొమ్మ

బాబాయ్, ఐదున్నరకి అమ్మా నాన్నా నేనూ మనకి మొక్కలిచ్చే నర్సరీలు చూడటానికి బయల్దేరుతున్నాం. సాయంత్రానికి వచ్చేస్తాం.

గేటు పక్క మామిడి మొక్కకి అంటు కట్టిన చోటు కింద నుంచి ఒక కొమ్మ వచ్చింది. అలవాటు కొద్దీ గిల్లేయకు. మొక్కకి రెండేళ్లే, ఆ కొమ్మ పూత పూసింది. నువ్వు గిల్లితే అదేమిటో ఇక తెలియదు. ఫోన్‌లో అడిగితే నర్సరీ ఆయన నవ్వాడు. “అంటు కింద ఉండేది టెంక నాటితే వచ్చిన మొక్కమ్మా, ఏడెనిమిదేళ్లకి గానీ పూయదు. సరిగ్గా చూశావా?” అన్నాడు. నాన్నేమో ఆ టెంకలు ఏ చెట్టువో చూడకుండా తిరిగి రానంటున్నాడు.

పంపు నీ చేతికి తప్ప లొంగదు. అందుకే నిన్ను వదిలి వెళ్తున్నాం, అలగకు.

చెప్పడం మరిచాను. ఇప్పుడే చూసి వచ్చాను, పూతలో ఒక పిందె ఉంది.