వదిన నొప్పి నటన కాదు

అన్నయ్యా,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి కదా. అమ్మ క్షేమం, నేను క్షేమం. వదిన కాదు. ఫోన్లో నీ గొంతు వింటే నాకు నోరు పెగలదు, అందుకే టైపు చేస్తున్నా. తప్పులుంటే సర్దుకో, నేను చదివింది ఆరో క్లాసే.

నెలనెలా నాలుగు రోజులు వదిన పని చేయదంట, నటనా అని అడిగావు. ఆ నటన నువ్వొకసారి చూడు. ఇస్త్రీ షాపులో నా పక్క బల్లే తనది. నొప్పొస్తే బల్ల కింద ముడుచుకుపోతుంది. నేను దుప్పటి ఇస్త్రీ చేసి వేడివేడిగా మడిచిస్తే పొట్టకి అదుముకుంటుంది. అది చల్లారగానే ఇంకోటి.

అమ్మేమో "పిల్లల్ని కనమంటే కడుపునొప్పి. అయిదేళ్లు చూశాం, చాలు" అంటోంది. ఆదివారం వదినని పుట్టింటికి పంపేసి నీకు ఇంకో సంబంధం చూస్తుందంట. నువ్వు "నీ ఇష్టం అమ్మా" అన్నావంట! చొక్కా మార్చినట్టు అనేశావే, సిగ్గనిపించలేదా?

ఇంకోటి చెప్పాలి. ఏడు నెలల క్రితం వదినకి స్కాన్ తీశారు కదా, రిపోర్టుకి నన్ను పంపారు. డాక్టరమ్మ వరసలో ఉన్న ఆడవాళ్ల ముందే చెప్పేసింది. గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట కూడా పెరుగుతోందంట. ఎండోమెట్రియోసిస్ అంట. నొప్పి అందుకే. లోపల పాలిప్, అంటే చిన్న కండ, అది కూడా ఉందంట. పిల్లలు పుట్టక వచ్చేవాళ్లలో ఈ జబ్బున్న చాలామందికి పాలిప్ కూడా ఉంటుందంట. "మీ అన్నని, వదినని తీసుకురా, ఆపరేషన్ చేద్దాం" అంది. ఆడవాళ్లు నా మొహం చూసి నవ్వారు. ఇంటికొచ్చాక అమ్మ ముందు గర్భసంచి అనే మాట నా నోట్లోంచి రాలేదు. గ్యాస్ అంట అనేశా. రిపోర్టు దాచేశా.

తప్పు నాదే, చెప్పు తీసుకుని కొట్టు. మరి నువ్వు? ఏడు నెలల్లో ఒక్కసారైనా డాక్టరమ్మకి ఫోన్ చేశావా?

నిన్న వదినకి చెప్పేశా. "ఇన్నాళ్లూ గ్యాస్ మాత్రలు మింగించావు కదరా, మంచి డాక్టరువే" అని ఏడ్చింది. అమ్మకి కూడా చెప్పా, గర్భసంచి అనే చెప్పా, గట్టిగా. "ఛీ, మగపిల్లాడివి, ఏం మాటలురా అవి" అంది.

ఇవాళ వదినని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లా. అమ్మ చెప్పిన ఆదివారం కంటే ముందే, ఈ బుధవారం ఆపరేషన్. నొప్పి తగ్గొచ్చు, పిల్లలకి ఆశ ఉంది, గ్యారంటీ మాత్రం లేదంది డాక్టరమ్మ. నీకూ పరీక్ష చేయాలంట. అయిదేళ్లలో ఆ మాట మనింట్లో ఒక్కరూ అనలేదు చూడు. సంతకం వదినే పెట్టుకుంది. పనికి సెలవు పెట్టి నువ్వు రా. రమ్మంటున్నది నేను. వదిన అడగలేదు.

ఇట్లు,
నీకు ఇవాళ్టిదాకా ఎదురు చెప్పని తమ్ముడు