తీగ లేని కంప్యూటర్

అశోక్ నగర్,
ఆదివారం.

చిరంజీవి శ్రీదివ్యకు అమ్మ దీవెనలు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ఆ మాట రాయకపోతే ఉత్తరం మొదలైనట్టు ఉండదు. నువ్వు ఆ దీవిలో వేళకింత తింటున్నావనీ, రాత్రిళ్ళు కాస్తయినా కన్ను మూస్తున్నావనీ అనుకుంటున్నాను. ఫోన్ చేస్తే ఇద్దరం ఏడవడంతోనే సరిపోతోంది, చెప్పవలసినవి మిగిలిపోతున్నాయి. మీ జట్టులోని కుసుమ సెలవు ముగించుకొని ఎల్లుండి అండమాన్‌కు బయలుదేరుతోంది. నీ ఉత్తరం తెచ్చి ఇచ్చిన చేతికే ఇదీ ఇస్తున్నాను. సముద్రం నెమ్మదించకముందే నీకు అందాలని నా తొందర.

నా మోకాలి సంగతి అడిగావు. నారాయణగూడ డాక్టరు మందు మార్చాడు, పరవాలేదు. పై గదుల్లో కిరాయికుండి పరీక్షలకు చదివే పిల్లలు నన్ను మెట్లెక్కనివ్వడం లేదు, ట్యాంకు నిండిందో లేదో కూడా వాళ్ళే చూస్తున్నారు. ఇందిరా పార్కుకు నడకకు పోవడం మాత్రం మానేశాను. అక్కడ ప్రతివాళ్ళూ ఉమాకాంత్ గురించే అడుగుతారు. ఆ తరువాత నా వైపు చూసే చూపు ఒకటి ఉంటుంది. నీ కూతురు మాత్రం నీళ్ళలోంచి పైకొచ్చింది కదా అన్నట్టు. వాళ్ళ మనసులో అది లేకపోవచ్చు, నాకే అలా అనిపిస్తోందేమో.

ఉమాకాంత్ అమ్మానాన్నలు ఎలా ఉన్నారని రాశావు. ఏం చెప్పను. పిల్లవాడు నీళ్ళలో ఉండిపోయి నెల దాటింది. దేహం రాకుండా ఏ కర్మా చేయనివ్వనని విద్యావతి వదిన పట్టుబట్టింది. పదో రోజు లేదు, పన్నెండో రోజు లేదు, దేవుడి దగ్గర దీపం లేదు. చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో వాళ్ళ ఇంటికి వెళ్ళి వస్తూనే ఉన్నాను. వచ్చినవాళ్ళను ఆమె కూర్చోమనదు, వెళ్ళమనీ అనదు. జగదీశ్వర్ అన్నే టీ పెట్టి ఇస్తున్నాడు. కరెంటు ఆఫీసులో అంతమందిని నడిపిన మనిషి, చక్కెర డబ్బా ఎక్కడుందో తెలియక వెతుక్కుంటూ.

ఇక నీళ్ళలో నువ్వు కట్టుకునే కంప్యూటర్ సంగతి. బ్యాకప్‌గా తీగతో తగిలించేది, తీగ లేనిది, రెండింటిలో ఏది కొనాలో జగదీశ్వర్ అంకుల్‌ను అడుగు, ఉమ ఏ యంత్రం కొన్నా ముందు ఆయన్నే అడిగేవాడు అని రాశావు. కొడుకు పోయిన తండ్రిని ఆ మాట ఎలా అడగాలో తెలియక, నీ ఉత్తరం సంచిలోనే పెట్టుకొని రెండుసార్లు వెళ్ళి వచ్చాను. మూడోసారి ఆయనే అడిగి తీసుకొని చదివాడు. చదివి, కాగితం మీద బొమ్మ గీసి నాకు విడమరిచి చెప్పాడు. నీ పని ఏమిటో ఇన్నేళ్ళకు నాకు అప్పుడు అర్థమైంది. నీళ్ళ అడుగున మీరు వదిలిన ఊపిరినే శుభ్రం చేసి, ఆక్సిజన్ కలిపి మళ్ళీ మీకే ఇస్తుందట ఆ రీబ్రీదర్. అందులో గాలి చెడితే మనిషికి తెలియదట. మణికట్టు మీది కంప్యూటరే చెప్పాలి. పైకి వచ్చేటప్పుడు ఎక్కడ ఎంతసేపు ఆగాలో కూడా అదే చెప్పాలి. అది పోతే చూసుకోవడానికి రెండోది.

"వానికి రెండూ ఉండె, దమయంతమ్మా," అన్నాడు. "కానీ రెంటి తీగలు ఒక్క జాయింటు దగ్గరికే పోయినయి. పోయిన ఏడు ఇంటికొచ్చినప్పుడు నాకు చూపించిండు. నేను గూడ చూసిన. నాకు తట్టలేదు."

ఆ జాయింటులోకే నీళ్ళు చేరి ఉంటాయని ఆయన అనుకుంటున్నాడు. ఉమాకాంత్ నీకు రెండు చేతులూ చూపించాడనీ, ఒకదాని తెర నల్లగా ఉందనీ, రెండోదానిలో అంకె వెలుగుతోందనీ, బాగానే ఉన్నానని సైగ చేశాడనీ నువ్వు రాశావు కదా. ఆ వెలిగిన అంకె, లోపల గాలి చెడినా మారకుండా ఆగిపోయిన అంకె అయి ఉంటుందన్నాడు. "నా సర్వీసుల లైన్మెన్లు కరెంటున్నదని తెలిసిన తీగ ముట్టుకొని సావలే. లేదనుకున్నదాన్ని ముట్టుకొని సచ్చిండ్రు" అని, బొమ్మ గీసిన కాగితాన్ని మడుస్తూ కూర్చున్నాడు.

ఆయన చెప్పింది ఇది. మొదటిదానికి తగిలించేది వద్దు. తీగ లేనిది, దాని బ్యాటరీ దానికే ఉన్నది, వేరే కంపెనీది తీసుకోమన్నాడు. అది ఆక్సిజన్ ఎంతుందో తనంతట తాను తెలుసుకోదు, నువ్వు చెప్పిన లెక్క మీదే నడుస్తుంది. అయినా పైకి వచ్చే దారి చెబుతుంది, మొదటిది చచ్చినా ఇది చావదు. ఆక్సిజన్ కోసం వేరే సెన్సార్, వేరే తీగతో, విడిగా పెట్టించుకోమన్నాడు. రెండు అంకెలు కలవకపోతే ఏది నిజమా అని ఆలోచిస్తూ నిలబడొద్దన్నాడు. రెంటినీ నమ్మకుండా, పక్కనున్న విడి సిలిండర్ గొట్టం నోట పెట్టుకొని పైకి రమ్మన్నాడు. కుసుమకు ఈ మాటలన్నీ చెప్పి అడిగాను. సరిగ్గానే చెప్పారు ఆంటీ అంది.

ఇప్పుడు నువ్వు కోపగించే మాట చెప్పాలి. ఇంతసేపూ కంప్యూటర్ చుట్టూ తిరిగింది అందుకే.

ఆ కంప్యూటర్ దేనికోసమో నువ్వు రాయకముందే నాకు తెలుసు. అంత లోతుకు దిగగలిగేది మీ జట్టేననీ, వాణ్ని అక్కడ వదిలి రాలేననీ రాశావు. మీ ఇద్దరి మధ్యా ఏముందో నేను ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగను. నారాయణగూడలో నీకు ఈత నేర్పింది వాడే. వాడి కోసం నువ్వు దిగుతావనడంలో నాకు ఆశ్చర్యం లేదు. కానీ నాకున్నది నువ్వొక్కదానివి.

నీ ఉత్తరం చదివిన మర్నాడు జగదీశ్వర్ అన్న దోమలగూడ వెళ్ళిన వేళ చూసుకొని చిక్కడపల్లి పోయాను. విద్యావతి వదిన ముందు కింద కూర్చున్నాను.

"వదినా, నీ కొడుకును తెస్తనని నా బిడ్డ మళ్ళ నీళ్ళల్ల దిగుతనంటుంది. నేనొద్దంటే ఆగదు. నువ్వంటే ఆగుతది" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది.

"నా కొడుకును ఆడ్నే విడిచిపెట్టుమంటున్నవా, దమయంతీ?"

అవునన్నాను. ఇంకేదైనా మెత్తని మాట ఉందేమోనని వెతికాను, దొరకలేదు. ఆమె లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను వచ్చేశాను.

రెండు రోజుల తరువాత తనే నడుచుకుంటూ మన ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడింది.

"నీ బిడ్డ దిగొద్దు. అయ్యగారితోని మాట్లాడినం, బేస్తవారం కార్యం చేస్తం. కానీ ఒక మాట యాదుంచుకో. వాని మొఖం ఒక్కసారి చూడాలని నాకున్నది, అది నేను సచ్చేదాంక పోదు. నువ్వడిగినవని ఇచ్చిన. మనసొప్పి కాదు."

కార్యం మొన్న గురువారం అయిపోయిందమ్మా. నీకు ముందే చెబితే అడ్డం పడతావని చెప్పలేదు. వాళ్ళ వరండాలో దేహానికి బదులు మోదుగాకులతో, దర్భలతో మనిషి ఆకారం కట్టారు. తల చోట కొబ్బరికాయ పెట్టారు. కప్పడానికి ఉమాకాంత్ చొక్కా ఒకటి తెమ్మంటే వదిన తెచ్చింది. తెచ్చి, పక్కన కూర్చొని, నూనె గిన్నె అడిగింది. ఆ కొబ్బరికాయకు రెండు చేతులతో నూనె రాసింది, ఆదివారం పూట పిల్లవాడి తలకు రాసినట్టే, చెవుల చోట కూడా ఆగి ఆగి. అయ్యగారు మంత్రం ఆపేశాడు. ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు. తరువాత మగవాళ్ళు తీసుకువెళ్ళారు. నిప్పు జగదీశ్వర్ అన్నే పెట్టాడు.

నేను ఒక మూల నిలబడి చూశాను. నిన్ను దక్కించుకోవడానికి ఆమె చేత ఆ పని చేయించాను. సిగ్గుపడ్డాను, దివ్యా. అయినా ఇంటికొచ్చి నెల రోజులకు మొదటిసారి నిద్రపోయాను. రెండూ నిజమే.

కర్మ జరిగింది కాబట్టి తేవలసింది ఏమీ లేదని నేను అనగలను. నువ్వు ఒప్పుకుంటావో లేదో తెలియదు. ఇది చదివి కూడా దిగుతానంటే ఇంత దూరం నుంచి చెయ్యి పట్టుకొని ఆపలేను. అప్పుడు జగదీశ్వర్ అన్న చెప్పిందే కొని కట్టుకో, పాతదానితో దిగకు.

ఈ ఉత్తరం రాస్తున్నానని నిన్న వదినకు చెప్పాను. తన మాటగా ఒకటి రాయమంది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"ఆ పిల్లను ఇంటికి రమ్మను. వాడు దిగిన పొద్దు పడవ మీద ఏం తిన్నడో, ఏం మాట్లాడిండో, దేనికి నవ్విండో, అంత నా పక్కన కూసోని చెప్పాలె. కిందున్నది నాకు తేకున్నా మంచిదే. ఇది మాత్రం ఆ పిల్ల తప్ప ఎవ్వరూ తేలేరు."

ఇట్లు,
నీ రాక కోసం చూసే
అమ్మ,
దమయంతి.