మొగులు అంటే మబ్బు

3 ఆగస్టు 2025, ఆదివారం

మొన్న తమ్ముడు ప్రవీణ్‌కు కూతురు పుట్టింది. ఇవాళ పటాన్‌చెరు ఆస్పత్రికి వెళ్లి చూశాను. రెండు పిడికిళ్లూ బిగించి పడుకుంది. నాకు నచ్చింది.

నచ్చనిది ప్రవీణ్ ఫోన్. పేరు ఖాయం చేసేశాడట. కియాన్షి. ఏదో వెబ్‌సైట్. పేరు కింద మూడు డబ్బాలు. ఒరిజిన్: సంస్కృతం. మీనింగ్: దైవాంశ, వెలుగు, అదృష్టం. పాపులారిటీ: నాలుగున్నర చుక్కలు. ఒక్క మాటకు మూడు అర్థాలు, మూడూ శుభమే. సంగారెడ్డి జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా తెలుగు చెప్తున్న నాకు ఇది చూపించి, ఎట్లుందక్కా అంటాడు.

అమ్మ పేరు పెట్టు, మొగులమ్మ, అన్నాను.

అమ్మ పోయి ఐదు నెలలు. రేషన్ కార్డులోంచి తీసేశారు. ఇప్పుడు ఆ పేరు నా దగ్గరున్న పాత గేట్ పాస్ మీద తప్ప ఎక్కడా లేదు. ఒక కంపెనీలో సీసాలు కడుగుతూ ఇరవై ఏళ్లు మెడలో వేసుకు తిరిగిన కార్డు. దాని మీద కూడా మొగలమ్మ అని తప్పు అచ్చు. ఆ క్లర్కును నిలదీస్తానంటే అమ్మే ఆపింది. ఉండనీ తీ, నన్నే కద పిలిచేది అంది.

ప్రవీణ్ గొంతు తగ్గించాడు. గది తురకోళ్ల పేరక్కా, మొగులమ్మ అంటే మొఘలే కదా, మా కంపెనీ గ్రూపుల తెలిస్తె నవ్వి చంపుతరు అన్నాడు.

అమ్మ కడిగిన సీసాలతో చదువుకున్నవాడు! మరదలు అంకిత బాలింత కాబట్టి కొన్ని మాటలు మింగాను. మింగనివి విని నర్సు వచ్చి నన్ను బయటికి పంపింది.

4 ఆగస్టు

కియాన్షి. మూడు నిఘంటువులు వెతికాను. లేదు.

6 ఆగస్టు, బుధవారం

ఒకే బిగిన నాలుగు పేజీలు రాసి ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పడేశాను.

మొగులు అంటే మబ్బు. మొగులైంది, మొగులు పట్టింది అని ఈ జిల్లాలో అనని మనిషి లేడు. బట్టలు తియ్యుండ్రి, మొగులైతున్నది అని అమ్మ రోజూ అరిచేది. వానకు ఎదురుచూసే రైతులు మబ్బు పేరు కూతురికి పెట్టుకున్నారు. ఢిల్లీ పాదుషాలకూ అమ్మ పుట్టిన లక్డారం చెలకలకూ ఏం సంబంధం? చివరన ఇలా కొట్టాను: ఇది మన మట్టి మాట. ఇందులో తురకం ఎక్కడుందో చూపించండి.

చాలా రోజులకు ఒక వాక్యం చేతికి బాగా తగిలింది.

7 ఆగస్టు

అంకిత మెసేజ్ పెట్టింది. మబ్బే అయితే మేఘన అని పెట్టుకుందాం వదినా, మీనింగ్ సేమ్ కదా అట. దీనికి ఇంకో రెండు పేజీలు.

9 ఆగస్టు, శనివారం

గెలిచాను. నా ఆరు పేజీల వల్ల కాదు. అంకిత ఆ వెబ్‌సైట్‌లోనే మొగులు అని కొట్టి చూసిందట. అలాంటి పేరే లేదని వచ్చిందట. ఎవ్వరికీ లేదు వదినా, ఫుల్ యూనిక్ అని మురిసిపోతోంది. పేరు చివర అమ్మ వద్దట, ఉత్త మొగులు చాలట. సరే.

ప్రవీణ్ మాత్రం రెండుసార్లు అడిగాడు. అచ్చ తెలుగే కదక్కా, పక్కానా అని. రేపు ఇంకోతీరు అని తేలిందంటే మళ్ల కియాన్షే అన్నాడు. పక్కా అన్నాను.

పాపను ఉయ్యాలలో వేసి పేరు పెట్టే తొట్టెల 21న, గురువారం. మేనత్తను కాబట్టి పాప చెవిలో పేరు చెప్పేది నేనే. ఇలాంటి తంతులు నాకు సరిపడవు. ఇదొక్కటీ చేస్తాను.

13 ఆగస్టు, బుధవారం

తొట్టెలకు పిలవడానికి కిష్టప్ప మామతో లక్డారం తిరిగాను. అమ్మ తమ్ముడు. ఆఖరికి ఫకృన్నీసా ఇంటికి తీసుకెళ్లాడు. అమ్మ ఈడు మనిషి. నేను ఎప్పుడో చిన్నప్పుడు చూశాను.

పాప పేరు చెప్పగానే నా రెండు చేతులూ పట్టుకుంది. అరె, మా అమ్మీ పేరు వెడుతున్నరా బిడ్డా అంది.

మీ అమ్మీ ఎవరు అన్నాను.

మొగల్ బీ. ఊరి మంత్రసాని. మా అమ్మమ్మ దేవమ్మకు అప్పటికే ఇద్దరు పుట్టి పోయారు. మూడో కాన్పులో మా అమ్మ ఎదురుకాళ్లతో వచ్చింది, ఏడవలేదు. మొగల్ బీ నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదింది. దేవమ్మకు జ్వరమొచ్చి పాలు ఎండిపోతే నలభై రోజులు తన పాలిచ్చింది. అప్పుడు ఫకృన్నీసా చంటిపిల్ల. నా పాలు మీ అమ్మ తాగింది, అందుకే నేను గింతనే ఉండిపోయిన అని నవ్వింది. బతికించినామె పేరే బిడ్డకు పెట్టుకున్నారు.

నేను ఊరుకోవాలి కదా. లేదు, మొగులంటే మబ్బు అన్నాను. ఆమెతో కూడా వాదన!

ఓ పంతులమ్మా, అంది. మీ అమ్మ వుట్టింది నడి ఎండకాలం. బాయిల సుక్క నీళ్లు లెవ్వట. మొగులు యాడికెళ్లి వచ్చె?

పాపకు ఆకుపచ్చ కుచ్చుటోపీ కుట్టుకొస్తానంది. వెలిమెలలో ప్రవీణ్‌ది ఏ అపార్ట్‌మెంటో మామ చెప్పాడు. ఏ రోజు అని ఆమె నన్ను అడిగింది.

22, శుక్రవారం అన్నాను.

తేదీ ఉన్న కార్డు సంచిలోనే ఉంది. బయటికి తియ్యలేదు. మామ నా మొహం చూశాడు. దిద్దలేదు. బయటికొచ్చాక అన్నాడు: నాకు మొదటికెళ్లి ఎర్కే బిడ్డా. నీ కాయిదం మంచిగుండె, పోరడు ఒప్పుకునె, ఎందుకు చెడగొట్టాలె అని ఊకున్న.

14 ఆగస్టు

గేట్ పాస్ తీసి చూశాను. క్లర్కు తప్పు రాయలేదు. అమ్మ చెప్పింది చెప్పినట్టు రాశాడు. ఆమెను ఒక్కసారీ అడగలేదు నేను. తెలుగు వచ్చిన దాన్ని కదా, అడగడమెందుకు!

తురకోళ్ల పేరు అని వాడన్నప్పుడు, అయితే ఏంట్రా అని అడగాల్సింది. ఒక్క మాట. దానికి బదులు నాలుగు పేజీలు రాసి, మా ఇంట్లో అలాంటి మచ్చ లేదని రుజువు చేశాను. వాడితో కొట్లాడాననుకున్నాను. వాడి తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. ఇరవై ఏళ్లుగా మతద్వేషం మీద కరపత్రాలు రాస్తున్న చేయి ఇది.

చెప్తే పేరు పోతుంది. చెప్పకపోతే మొగల్ బీ పోతుంది.

15 ఆగస్టు

కాలేజీలో జెండా. సెక్యులరిజం మీద పది నిమిషాలు దంచాను. చప్పట్లు.

18 ఆగస్టు, సోమవారం

నా వ్యాసం ఊరంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది. కింద నా పేరు కోసేశారు. పైన లావు అక్షరాల్లో: మొఘల్ కాదు, మొగులు! చివరి వాక్యానికి ఎర్ర రంగు. ప్రవీణే కంపెనీ గ్రూపులో పెట్టాడట.

హిస్టరీ లెక్చరర్ వీర్రాజుకూ నాకూ మూడేళ్లుగా మాటల్లేవు. ఇవాళ స్టాఫ్ రూములో చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఇన్నాళ్లకు దారికొచ్చిన్రు మేడం అన్నాడు.

వెళ్లి సబ్బుతో కడుక్కున్నాను. వాడంటింది చేతికి కాదు.

20 ఆగస్టు

పొద్దున ప్రవీణ్‌కు ఫోన్ చేశాను. వంటవాళ్ల గురించి మాట్లాడి పెట్టేశాను.

21 ఆగస్టు, గురువారం

అపార్ట్‌మెంట్ హాల్లో తొట్టెల. బెలూన్లు, మైకు, నూటయాభై మంది.

పాప చెవి నా బొటనవేలి గోరంత ఉంది. మూడుసార్లు చెప్పాను. మొగులు, మొగులు, మొగులు. నా నోట్లో ఆ మాట అంత పొడిగా ఎప్పుడూ లేదు. పాప తల అటు తిప్పుకుంది.

తర్వాత ప్రవీణ్ మైకు పట్టుకుని నా వ్యాసం చదివాడు. నా రాత నేనే కూర్చుని విన్నాను. ఇందులో తురకం ఎక్కడుందో చూపించండి అన్నచోట ఆగాడు, చప్పట్ల కోసం. వచ్చాయి. వాడి ఆఫీసు వాళ్లు ఈలలు కూడా వేశారు. అక్కా, నువ్వు లేకుంటె పేరు పోతుండె అని అందరి ముందూ నా కాళ్లకు దండం పెట్టాడు. లేవమన్నాను. అన్నది అంతే.

బంతిలో కిష్టప్ప మామ నా పక్కనే కూర్చున్నాడు. తమ్ముడు మంచిగ సదివిండు అన్నాడు. ఒక ముద్ద తిని, రేపు శుక్రవారం అన్నాడు.

సంగారెడ్డి బస్సు ఎక్కలేదు. తమ్ముడింట్లోనే ఉండిపోయాను.

22 ఆగస్టు, శుక్రవారం, పగలు 11

గేటు నుంచి ఫోన్. ఎవరో ముసలామె వచ్చింది, మొగల్ బీ బిడ్డనంటోంది, మొగులును చూడాలంటోంది, పంపమంటారా అని సెక్యూరిటీ.

ఎవరక్కా అన్నాడు ప్రవీణ్.

అమ్మకు పేరిచ్చినామె బిడ్డ అన్నాను. వాడి మొహం మారడం చూశాను. మారనీ.

పాపను ఎత్తుకుని లిఫ్టు ఎక్కాను. నాలుగు. మూడు. రెండు. చెవిలో మళ్లీ చెప్పాను, ఈసారి సరిగ్గా.

మొగల్ బీ.