పుల్లంపేట సుప్రీం కోర్టు

పుల్లంపేట,
ఫిబ్రవరి 1947

చిరంజీవి శేషన్నకు మేనమామ ఈరన్న దీవించి రాసేది. ఇక్కడ అందరమూ బాగున్నాము, నా పెద్దరికం ఒక్కటే బాగాలేదు.

మద్దమ్మ మొగుడు దసరా తర్వాత పోయాడు కదా. ఇప్పుడు ఆమే మగ్గం గుంటలో దిగి చీరలు నేస్తోంది. ఆడవాళ్లు నూలును కండెలకు చుట్టాలి, గుంటలో దిగేది మగవాళ్లు. తాతలనాటి పద్ధతి ఇది. వద్దన్నాను, వినలేదు. నేతగాళ్ల సంగానికి పెద్దను గనక, ఆమెకు నూలు ఆపమని ఉత్తరువు ఇచ్చాను. ఈ కంట్రోలు రోజుల్లో సంగం ఇవ్వకపోతే నూలు ఇంకెక్కడా దొరకదు. ఆమెకు ఇద్దరు పిల్లలున్నారని, నాది అన్యాయమని జనం అరుగుల మీద గొణుగుతున్నారు.

ఢిల్లీలో పెద్దలు రాజ్యాంగం రాస్తున్నారట. మన సంగానికీ ఒకటి రాసేస్తే నా మాటకు తిరుగుండదు. నువ్వు కడపలో వకీలు దగ్గర లావు పుస్తకాలు చదువుతున్నావు. మనకంటే ముందు దొరలను వెళ్లగొట్టిన అమెరికా వాళ్లు ఎలా రాసుకున్నారో తెలియజెయ్యి.

ఆశీస్సులతో,
ఈరన్న

తా.క. "మద్దమ్మ బిడ్డోళ్లు ఏం తినల్లనో కూడా ఆ పుస్తకంలో ఉండాదేమో అడుగు" అంటోంది మీ అత్త రామసుబ్బమ్మ.

*

కడప,
ఫిబ్రవరి 1947

మామకు శేషన్న నమస్కరించి, ఉప్పొంగిపోయి రాసేది.

అమెరికా గురించి నన్ను అడిగిన మొదటి మనిషివి నువ్వే. ఏమని చెప్పను మామా! రాజు లేడు. నాలుగేళ్లకొకసారి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. సభ చేసిన చట్టాన్ని ఆయన కాదనవచ్చు. వీళ్లందరికీ పైన ఒక కాగితం, అదే రాజ్యాంగం. దానికి విరుద్ధమైతే ఎవరి ఉత్తరువైనా చెల్లదని సుప్రీం కోర్టు కొట్టేస్తుంది. ఆ కోర్టుకు ఒక్క సిపాయి లేడు. అయినా అంతటి అధ్యక్షుడూ తల వంచుతాడు. ఆ జడ్జీలను అధ్యక్షుడే ఎంచుతాడు గానీ, బుద్ధిగా నడుచుకున్నంతకాలం వాళ్లను కదిలించలేడు. చట్టం కాపుదల అందరికీ సమానమని కూడా రాసుకున్నారు. దీనికోసం అన్నదమ్ములే కొట్టుకుని చచ్చారు మామా. చదువుతుంటే నాకు కన్నీళ్లు వచ్చాయి.

మద్దమ్మకు నూలు ఇచ్చెయ్యి.

నీ మేనల్లుడు,
శేషన్న

తా.క. నేను కన్నీళ్లు పెట్టుకోవడం చూసి వకీలు గారు దావా ఓడిపోయామనుకున్నారు.

*

పుల్లంపేట,
మార్చి 1947

చిరంజీవి శేషన్నకు సంగం అధ్యక్షుడు ఈరన్న రాసేది. పదవి చూశావు కదా?

రాజ్యాంగం రాసేశాము, అందరూ వేలిముద్రలు వేశారు. "సంగంలో అందరూ సమానులే" అన్న మాట కూడా పెట్టించాను. చదువుతుంటే గంభీరంగా ఉంది. నాలుగేళ్లకొకసారి ఎన్నిక అన్నది మాత్రం నీ చేతి పొరపాటనుకొని వదిలేశాను.

అసలు కిటుకు కోర్టులో ఉంది. జడ్జీని కదిలించలేమన్నావు కదా, అందుకని మన చేతిలో మనిషినే కూర్చోబెట్టాలి. మీ అత్తను పెట్టాను! నవ్వకు. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆమె నా పేరు పలకలేదు. రేషను కార్డు గుమాస్తా మొగుడి పేరు అడిగితే, పక్కింటామెను పిలిచి చెప్పించింది. అందుకే రాజ్యాంగంలో ఇంకో మాట చేర్చాను: ఎవరి ఉత్తరువు కొట్టేస్తే వాళ్ల పేరు జడ్జీ తన నోటితో పదిమందిలో పలకాలి. నా పేరు ఆమె చచ్చినా పలకదు. ఇక నా ఉత్తరువును కొట్టేసేదెవరు?

మీ అమెరికా వాళ్లకు ఈ ఉపాయం తట్టిందా?

ఆశీస్సులతో,
అధ్యక్షుడు

తా.క. జడ్జీ జీతం వారానికి ఒక తమలపాకుల కట్ట. మాట వినకపోతే తగ్గిస్తాను.

*

కడప,
మార్చి 1947

అధ్యక్షుల వారికి శేషన్న భయపడుతూ రాసేది.

మామా, కొంప మునిగింది. మనవాడే అనుకొని జడ్జీగా పెట్టి, తర్వాత తలపట్టుకున్న అధ్యక్షులు అమెరికాలోనే ఉన్నారు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎవరి మనిషీ కారు, అదే దాని గొప్పతనం. తీర్పు రాకముందే ఉత్తరువు వెనక్కి తీసుకో.

ఇంకొక సంగతి. అత్త కోర్టుకు మద్దమ్మ పెట్టుకున్న దావా కాగితం రాసింది నేనే. కోప్పడకు.

నీ మేనల్లుడు,
శేషన్న

తా.క. పదవిలో ఉన్న జడ్జీ జీతం తగ్గించకూడదని అమెరికా రాజ్యాంగంలో ఉంది. తమలపాకులకూ అంతే. ఇంకో మాట, ఆ సుప్రీం కోర్టులో ఇంతవరకు ఒక్క ఆడమనిషీ కూర్చోలేదు. పుల్లంపేట ముందుంది మామా!

*

పుల్లంపేట,
ఏప్రిల్ 1947

శేషన్నకు మామ రాసేది.

నిన్న మా వాకిట్లోనే విచారణ జరిగింది. ఊరంతా వచ్చింది. తాతలనాటి పద్ధతి అని నేను గట్టిగా వాదించాను. మీ అత్త అంతా విని, "ఆడది గుంటలో దిగితే మగ్గం ఏమన్నా అలుగుతాదా?" అంది.

"అందరూ సమానులే అని రాసింది ఎవురు?" అని అడిగింది. నేనే అన్నాను.

అయినా నాకు భయం లేదు. పేరు పలకాలి కదా! మీసం దువ్వుకుంటూ కూర్చున్నాను. ఆమె కొంగు తలమీదికి లాక్కుంది. చెంబెడు నీళ్లు తాగింది. కళ్లు మూసుకుని, వీధి చివరిదాకా వినిపించేలా అంది: "ఈరన్న ఇచ్చిన ఉత్తరువు చెల్లదు. మద్దమ్మకు నూలు ఈ పొద్దే ఇయ్యల్ల."

మద్దమ్మ ఏడ్చేసింది. నాకు మొదట ఒళ్లు మండింది. తర్వాత ఏమైందో తెలియదు అబ్బీ, ఇంత ధైర్యమున్న మనిషితోనా ఇన్నేళ్లు కాపురం చేశాను అనిపించి కళ్లు చెమర్చాయి. నూలు కట్ట నేనే నెత్తిన పెట్టుకుని మద్దమ్మ ఇంట్లో దింపి వచ్చాను. ఒక్క సిపాయి కూడా నా వెంట రాలేదు. మీ అమెరికా వాళ్లు మామూలు మనుషులు కారు.

ఓడిపోయి సంతోషంగా ఉన్న
ఈరన్న

తా.క. మీ అత్త నోట నా పేరు ఎంత బాగుందనుకున్నావు! ఇంట్లో ఇంకొక్కసారి పిలవమని బతిమాలాను. "ఇంగో తప్పుడు ఉత్తరువు ఇస్తే పిలుస్తా" అంది. లావు పుస్తకాలన్నీ తిరగేసి, మంచి తప్పుడు ఉత్తరువు ఒకటి వెంటనే రాసి పంపు.