దెయ్యానికి గొంతు దొరికింది

పద్మజా,

మన ఆడియో నాటకంలో నీ గొంతున్న నాలుగు భాగాలూ నిన్న నెట్‌లోంచి తీసేశాను. మీ అన్నయ్య ఇక గుర్తుపట్టడానికి ఏమీ లేదు. మానేశావని నీ మీద కోపం లేదు, అలసిపోయానంతే. ఇద్దరు ఆడవాళ్ల మోహం, అందులో ఒకతె దెయ్యం. నీ బదులు దెయ్యం గొంతు ఇమ్మని విజయనగరంలో ఎవరిని అడిగినా నవ్వారు, లేదా తిట్టారు. ఆపేద్దామనుకున్నాను.

మా ఎలీసమ్మ పిన్ని, చర్చిలో పాటలు పాడే ఆవిడ, మొన్న ఇంటికొచ్చి ఆ నాటకం కాగితాలు చదివింది. అరవై రెండేళ్ల మనిషి. "దెయ్యానికి వయసేటే? నాను సెప్తాను" అని మైకు ముందు కూర్చుంది.

"సల్లగా ఉన్నాను, నీ ఒంటి వేడి కావాల" అన్న మాట దగ్గర ఆగిపోయింది. హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నర్సు ట్రైనింగులో నాకూ ఒకర్తి ఉండేది. దాని పక్కనే పడుకుని కూడా ఈ మాట సెప్పనేకపోనాను."

ఆమె మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఆ మాట వింటే, రాసిన నాకే ఒళ్లు జలదరించింది.

నీకు ఇచ్చినట్టే మారుపేరు వేస్తానన్నాను. ఒప్పుకోలేదు.

"ఎలీసమ్మ అనే ఎయ్యి. అది ఎక్కడన్నా బతికుంటే వింటాది."