ఇటలీ సైకిల్, గద్వాల చీర

ఇటిక్యాల,
12-8-2006.

బావగారికి,

ఇక్కడ మేమంతా క్షేమం. నా మీసం కూడా క్షేమం.

మీరు నాకిచ్చిన రేసు సైకిల్ ఇటలీలోనే తయారైందని, కాకపోతే మీసం గీయించుకుంటానని చాయ్ హోటల్ దగ్గర పందెం కట్టాను. సైకిల్ షాపు పాల్ దాన్ని తలకిందులు చేసి, పెడల్ దగ్గరున్న చిన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

"అన్నా, గిది తైవాన్ల చేసిండ్రు. పేరే ఇటలీది" అన్నాడు. ఎవరో అప్పుడే కత్తెర కూడా తెచ్చారు.

నేను ఊరుకుంటానా? "రాజోలి ఊర్ల నేసిన చీరను గద్వాల చీర అంటలేమా? గిది గూడ గంతే!" అన్నాను. అందరూ నిజమేనన్నారు. మీసం దక్కింది.

కానీ ఆ మాట మీ చెల్లెలు స్వరూప చెవిన పడింది. మా పెళ్లికి మీరు పెట్టిన చీర పెట్టెలోంచి తీసి, "మా అన్న గద్వాలల మగ్గం కాడ కూసొని నేయించిన అన్నడు గద! గిది యాడ నేసిండ్రు?" అని నన్ను నిలదీసింది. తెల్వదన్నాను. మూడు రోజులుగా చీర మంచం మీద పడుకుంటోంది, నేను అరుగు మీద పడుకుంటున్నాను.

వచ్చే ఆదివారం బస్సుకు ఆమె చీర తీసుకుని మీ దగ్గరికే వస్తోంది. అది గద్వాల చీరేనని నాలాగే గట్టిగా వాదించండి. పందెం మాత్రం కట్టకండి. మీకు మీసం లేదు.

ఇట్లు,
మీ చెల్లెలి భర్త